అలారం ముల్లు

ఆ ఆదివారం పొద్దున రేపల్లె బండి దిగి మామయ్య తెనాలిలో మా ఇంటికి వచ్చేసరికి చేతిలో గుడ్డసంచీ ఉంది. సంచీలో పాత పేపరు చుట్టిన అలారం గడియారం. కీ ఇస్తే తిరిగే రకం. నెత్తిన రెండు గంటలు, మధ్యన చిన్న సుత్తి. ముళ్ళకు పూసిన రేడియం ఎప్పుడో ఆరిపోయి పసుప్పచ్చ చారలు మిగిలాయి. జీవితమంతా లెక్కల మాస్టారుగా పనిచేసిన మనిషి. రిటైరయ్యాక కూడా ఇంటి అరుగు మీద పదో తరగతి పిల్లలను తెల్లవారుజామున ఐదింటికి కూర్చోబెట్టి, పైసా పుచ్చుకోకుండా లెక్కలు చెబుతాడు. ఆ గడియారం మావాడికి కానుక. అలారం ముల్లు నాలుగు మీద పెట్టి మరీ తెచ్చాడు.

గంట తిరక్కముందే బాపట్ల నుంచి మా చెల్లి దిగింది. అక్కడికి దగ్గర్లో ఒక హైస్కూల్లో బయాలజీ టీచరు. ఇద్దరినీ పిలిపించింది నేనే, మావాడి గురించి.

వాడిది పదో తరగతి. నాలుగున్నరకు లేస్తాడు. ఐదుంపావుకు ట్యూషను వ్యాను, అటునుంచి అటే బడి, బడయ్యాక స్టడీ అవరు. ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. తిండి, హోంవర్కు, కాసేపు ఫోను అయ్యి, పక్క మీద వాలేసరికి పదకొండున్నర. మూడు నెలలుగా మాట మారింది. పొద్దున పలకరిస్తే కస్సుమంటాడు. మొదటి పీరియడులో తల బెంచీకి ఆనించి కూర్చుంటున్నాడని కబురొచ్చింది. రాత్రి పదింటికి మాత్రం ఇంట్లో అందరినీ నవ్విస్తాడు. ఇది పొగరా, జబ్బా అన్నదే నా దిగులు. వాడు లోపలి గదిలో నిద్రపోతూనే ఉన్నాడు. వీళ్ళిద్దరూ వసారాలో మొదలుపెట్టారు.

మామయ్య: పొగరూ కాదు, జబ్బూ కాదు తల్లీ. బద్ధకం. దానికి మందు ఇదిగో, ఈ గడియారం. నాలుగున్నర కాదు, నాలుగింటికే లేవాలి. తెల్లవారుజామున చదివింది రాతి మీద చెక్కినట్టు నిలుస్తుంది. బ్రాహ్మీ ముహూర్తమని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?

చెల్లి: ఊరికే అనలేదు మామయ్యా. సూర్యోదయానికి గంటా ముప్పై ఆరు నిమిషాల ముందు మొదలవుతుందన్నారు. ఇది జనవరి. మన దగ్గర పొద్దు పొడిచేది ఆరూ నలభై ప్రాంతంలో. అంటే ముహూర్తం ఐదు దాటాక. నువ్వు లేపమంటున్న వేళకు అది ఇంకా గంట దూరంలో ఉంది.

మామయ్య: లెక్క బాగానే వేశావు. మరి జూన్‌లోనో?

చెల్లి: జూన్‌లో ఐదున్నర దాటగానే పొద్దు పొడుస్తుంది, అప్పుడు నీ నాలుగు సరిపోతుంది. నేననేదీ అదే. పెద్దవాళ్ళ గడియారం సూర్యుడితో పాటు జరిగింది. నీ అలారం ముల్లు పన్నెండు నెలలూ ఒక్కచోటే ఉంటుంది.

మామయ్య: మాటలకేం గానీ, వేళ అనేది మనం అలవాటు చేసుకునేది. పసిపిల్లాడికి పాల వేళ అలవాటు చేయట్లా?

చెల్లి: కొంత అలవాటు, కొంత పుట్టుక. మన చేలగట్ల మీద అత్తిపత్తి ఉంటుంది చూడు, ముట్టుకుంటే ముడుచుకునేది. అది పగలు ఆకులు విప్పుతుంది, రాత్రి మూస్తుంది. వెలుగును చూసి చేస్తోందేమోనని 1729లో ఫ్రాన్సులో ద మెరాన్ అనే ఖగోళ శాస్త్రవేత్త దాన్ని చీకట్లో పెట్టాడు. ఎండ పొడ తగలకపోయినా వేళకు విప్పింది, వేళకు మూసింది. గడియారం లోపలే ఉందన్నమాట. మాగిన అరటిపండు మీద ముసురుతాయే చిన్న ఈగలు, వాటిలో ఆ గడియారాన్ని నడిపే జన్యువుల గుట్టు విప్పినందుకే 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి నోబెల్ వచ్చింది.

మామయ్య: మొక్కకుంది, ఈగకుంది. మనిషికో?

చెల్లి: మెదడు అడుగున, రెండు కళ్ళ నరాలూ అడ్డంగా కలిసే చోటికి కాస్త పైన, సుమారు 20 వేల కణాల గుంపు ఉంది. అదే మన జీవగడియారం. దాని రోజు సరిగ్గా 24 గంటలు కాదు, సగటున పది నిమిషాలు ఎక్కువే. అందుకని ఏ రోజుకారోజు దాన్ని సరిచేయాలి. కంట్లో పడే వెలుగే సరిచేస్తుంది.

మామయ్య: నా గడియారమూ అంతేనమ్మా. రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. రేడియోలో వార్తలప్పుడు నేనే ముల్లు జరుపుతాను. వెనకబడుతోంది కదా అని దాని ఇష్టానికి వదిలేస్తానా?

చెల్లి: వదలమని నేనూ అనట్లేదు. కీ ఎక్కడుందో చూడమంటున్నాను. అది చెవిలో లేదు, కంట్లో ఉంది. నీ అలారం చెవిని లేపుతుంది. లోపలి గడియారానికి ఆ మోత వినపడదు. వాడు లేచి కూర్చుంటాడు, ఒళ్ళు మాత్రం ఇంకా అర్ధరాత్రిలోనే ఉంటుంది. తెల్లవారుజామున నాలుగూ ఐదూ మధ్య ఒంటి వేడి బాగా తగ్గి ఉంటుంది. అలాంటప్పుడు త్రికోణమితి చెబితే తలకెక్కడం అటుంచి, పలకరించినా గిట్టదు.

మామయ్య: మా తరం వాళ్ళం నాలుగింటికి లేచి గేదెలకు మేత వేసి, చదువుకుని, నడిచి బడికి పోలేదా? మాకెవరికీ గిట్టకపోవడాలు లేవే!

చెల్లి: లేచావు, నిజమే. మరి పడుకునేది ఎన్నింటికి?

ఇక్కడ మామయ్య కాస్త ఆగాడు. కాఫీ గ్లాసు కింద పెట్టి చెప్పాడు.

మామయ్య: ఎనిమిదికల్లా. కిరసనాయిలు దండగని మా అమ్మ లాంతరు వత్తి తగ్గించేసేది. చీకట్లో ఏం చేస్తాం, పడుకునేవాళ్ళం.

చెల్లి: ఎనిమిది నుంచి నాలుగు దాకా ఎనిమిది గంటలు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్పే లెక్కకు నువ్వు సరిగ్గా సరిపోయావు. వీడికి ఐదు గంటలే. నువ్వు లేవడం మాత్రం గుర్తుపెట్టుకుని, పడుకోవడం మర్చిపోయావు మామయ్యా.

మామయ్య: అయితే వీణ్నీ ఎనిమిదికి పడుకోమను. ఎవరొద్దన్నారు?

చెల్లి: ట్యూషన్ వాళ్ళొద్దన్నారు, వాడు ఇల్లు చేరేదే ఎనిమిదిన్నరకు. రెండోది, ఈ వయసులో ఎనిమిదికి కళ్ళు మూసినా నిద్ర రాదు. మీసాలు మొలిచే ఈడు రాగానే లోపలి గడియారం వెనక్కి జరుగుతుంది. నిద్రవేళ అయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ చిన్నపిల్లల్లో కంటే ఆలస్యంగా ఊరుతుంది. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్స్కడన్ ఏళ్ళ తరబడి దీన్నే పరిశీలించింది. ఈ జరగడం ఇరవై ఏళ్ళ దాకా సాగి, అక్కణ్ణుంచి మళ్ళీ ముందుకు తిరుగుతుందని జర్మనీలో రోనెబెర్గ్ బృందం 2004లో చెప్పింది.

మామయ్య: అంతా ఫోను మహిమ. దానికో శాస్త్రం పేరు తగిలించారు.

చెల్లి: ఫోను పాపం ఫోనుకుంది. రాత్రిపూట కంట్లో వెలుగు పడితే గడియారం ఇంకా వెనక్కి పోతుంది. కానీ కార్స్కడన్ దీన్ని గమనించేనాటికి, 1990ల మొదట్లో, ఏ పిల్లాడి చేతిలో ఫోనుంది? అంతదాకా ఎందుకు, పదహారేళ్ళప్పుడు నువ్వు రేపల్లె నుంచి తెనాలి వచ్చి సెకండ్ షో చూసి, స్టేషన్లో పడుకుని, తెల్లారి బండికి ఇంటికెళ్ళావని అమ్మ చెప్పేది.

మామయ్య: (నవ్వి) ఒక్కసారి కాదులే, చాలాసార్లు.

చెల్లి: మర్నాడు ఫస్టు పీరియడులో?

మామయ్య: సోషలు మాస్టారు బెంచీ ఎక్కించాడు. ఎందుకూ పనికిరావన్నాడు.

చెల్లి: ఆయన నీ కళ్ళు చూసి నీ బుద్ధి ఇంతేనని తేల్చేశాడు. ఇందాక నువ్వు వీడి గురించి అన్నదీ అదే.

పదిన్నరకు మావాడు లేచొచ్చాడు. మొహం కడుక్కుని, ఇడ్లీ పళ్ళెం తీసుకున్నాడు. మామయ్య ప్రేమగానే అడిగాడు, "ఏరా, త్రికోణమితి ఎంతవరకొచ్చింది?" అని. "ఇప్పుడే లేచాను తాతయ్యా" అని విసురుగా అని, పళ్ళెంతో సహా లోపలికెళ్ళిపోయాడు. తలుపు గట్టిగానే పడింది.

మామయ్య: చూశావా? ఇవాళ పదింటిదాకా పడుకున్నాడుగా. మరి ఆ చిరాకెక్కడిది? నీ శాస్త్రం ఇక్కడ చెల్లలేదు.

చెల్లి: బాగా చెల్లింది. వారం రోజులు పదకొండున్నర నుంచి నాలుగున్నర, నడిమి నిద్ర రాత్రి రెండింటికి. శనివారం పన్నెండున్నర నుంచి ఆదివారం పదిన్నర, నడిమి నిద్ర తెల్లవారి ఐదున్నరకు. మూడున్నర గంటల తేడా. సౌదీకి మనకీ ఉన్న తేడా రెండున్నర గంటలే. అంటే వీడు శనివారం రాత్రి సౌదీ దాటి ఎక్కడికో పోయి, సోమవారం తెల్లారేసరికి తెనాలి వచ్చి పడుతున్నాడు, ప్రతి వారమూ. మన ఊళ్ళ నుంచి గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళను అడుగు, మొదటి రెండు రోజులు పలకరిస్తే ఎట్లా ఉంటారో.

మామయ్య: నిద్ర తక్కువైతే నీరసం రావాలి. కోపం దేనికి?

చెల్లి: 2007లో ఒక ప్రయోగం చేశారు. ఒక రాత్రంతా నిద్ర లేకుండా ఉంచిన కుర్రవాళ్ళకు మనసు కలవరపెట్టే బొమ్మలు చూపిస్తూ మెదడును స్కాన్ తీశారు. భయం, కోపం లాంటివి రేగే చోటు అమిగ్డలా. అది నిద్రపోయినవాళ్ళలో కంటే బాగా ఎక్కువగా ఎగిసిపడింది. దానికి కళ్ళెం వేయాల్సింది నుదుటి వెనకుండే మెదడు, వాటి మధ్య లంకె సడలింది. ఇంకో సంగతి, కలల నిద్ర ఎక్కువగా వచ్చేది రాత్రి చివరి జామునే. నాలుగున్నరకు లేపితే కోత పడేది సరిగ్గా అక్కడే. నిన్నటి అవమానాల పదును తగ్గించేది ఆ నిద్రేనని చాలామంది శాస్త్రవేత్తల నమ్మకం. అది పోతే నిన్న మాస్టారన్న మాట ఇవాళా అంతే మంటగా ఉంటుంది.

మామయ్య: సరే, బడికి రా. నీ బళ్ళో ఏం చూశావు? పుస్తకాల సంగతి చాలు.

చెల్లి: ప్రార్థన వేళ నిలబడి చూడు. ఆరో తరగతి వరసలో పిల్లలు ప్రతిజ్ఞను కేకలేసి చెబుతారు. ఒకణ్ని ఒకడు తోసుకుంటారు, పిచ్చుకల గోల. పదో తరగతి వరసలో పెదాలు కూడా సరిగ్గా కదలవు. ఇద్దరికీ ఒకే గంట, ఒకే ఎండ. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళు. ఆరో తరగతిలో పెన్సిల్ కోసం ఏడుపులు, చాడీలు. పదో తరగతి వాళ్ళు అప్పుడే కళ్ళు తెరుస్తారు, అప్పుడే జోకులు, అప్పుడే మంచి ప్రశ్నలు. మేమేమో చిన్నవాళ్ళకు లెక్కలు ఆఖర్న వేసి, పెద్దవాళ్ళకు మొదట్లో వేసి, ఇద్దరి మీదా విసుక్కుంటాం.

మామయ్య: అది గడియారం కాదమ్మాయ్, ఆకలి. పెద్దపిల్లలు తినకుండా పరిగెత్తుకొస్తారు. తర్వాత తేరుకున్నారంటే బళ్ళో ఇచ్చిన రాగిజావ పుణ్యం.

చెల్లి: ఆకలి కూడా ఉంది, కాదనను. కానీ 2023 మార్చిలో మొదలైన ఆ రాగిజావ వారానికి మూడు రోజులు. చిరాకు ఆరు రోజులూ ఉంది.

మామయ్య కుర్చీ ముందుకు లాక్కున్నాడు. లెక్క తేల్చబోయే ముందు ఆయన అట్లాగే చేస్తాడు.

మామయ్య: ఇప్పుడు నేనడుగుతా, నువ్వు చెప్పు. పెద్దపిల్లల బడి ఆలస్యంగా పెట్టాలంటావు. అమెరికా పిల్లల వైద్యులు 2014లో ఎన్నింటికి పెట్టమన్నారు?

చెల్లి: ఎనిమిదిన్నర, ఆ తర్వాతా.

మామయ్య: కాలిఫోర్నియాలో చట్టమే చేశారట?

చెల్లి: అవును, 2019లో చేశారు. 2022 జూలై నుంచి అక్కడ హైస్కూలు ఎనిమిదిన్నర కంటే ముందు తెరవకూడదు. సియాటిల్లో 2016లోనే 7.50 నుంచి 8.45కు మార్చారు. ఆలస్యంగా తెరిస్తే ఆలస్యంగా పడుకుంటారులే అన్నారు అక్కడా. చేతికి పట్టీలు కట్టి కొలిస్తే, పిల్లలు రోజుకు 34 నిమిషాలు ఎక్కువ పడుకున్నారు.

మామయ్య: మన సర్కారు బడి గంట ఎన్నింటికి?

చెల్లి: తొమ్మిదికి.

మామయ్య: అంటే వాళ్ళు చట్టం చేసి తెచ్చుకున్నదానికంటే అరగంట ఎక్కువే మనకు ఎప్పట్నుంచో ఉంది! ఇంకా జరపమంటే ఎవరు జరుపుతారు? వరికోతలప్పుడూ, మినుము పీకేటప్పుడూ ఆడకూలీలు ఆరింటికల్లా ఆటో ఎక్కాలి. తల్లి పోయాక ఆ పిల్లను బడికి పంపేదెవరు? నిజాంపట్నం హార్బరుకు పొద్దున్నే వెళ్ళు, అక్కడి పిల్లలు పడవలు వచ్చే వేళకు లేస్తారు. ఇక మార్చి వచ్చిందంటే మన ఎండకు గడియారం కూడా కరుగుతుంది. అందుకే ఒంటిపూట బడి, 7.45 నుంచి పన్నెండున్నర దాకా. ఆ ఎండలో పదిన్నరకు బడి తెరుస్తావా? శాస్త్రం సియాటిల్లో పుట్టుండొచ్చు, బతకాల్సింది కృష్ణా డెల్టాలో.

చెల్లి చాలాసేపు ఏమీ అనలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి పప్పు దించి వచ్చేదాకా కూడా.

చెల్లి: ఇది ఒప్పుకుంటున్నాను మామయ్యా. మన బడి గంటలో తప్పు లేదు. ఎండాకాలం ఒంటిపూటకూ మరో దారి లేదు. మహారాష్ట్రలో 2024లో నాలుగో తరగతి దాకా పిల్లల బడి తొమ్మిదికి ముందు తెరవొద్దన్నారు...

మామయ్య: ఆగాగు. చిన్నపిల్లలు పొద్దున్నే హుషారుగా ఉంటారని ఇప్పుడే అన్నావు. మరి వాళ్ళకెందుకు తొమ్మిది?

చెల్లి: నేనూ అదే అనబోతున్నా. నన్నడిగితే ముందు పెద్దపిల్లలకు చేసుండాల్సింది. కనికరం మనకు పాలబుగ్గల మీద కలిగినంత తేలిగ్గా మూతిమీసాల మీద కలగదు. కానీ అసలు మాట ఇది. తొమ్మిది గంట మంచిదే. దాని ముందూ వెనకా మనం తగిలించినవే దొంగలు. ఐదుంపావు వ్యాను, రాత్రి ఎనిమిది దాకా స్టడీ అవరు. సర్కారు తొమ్మిదికి పెడితే మనం ప్రైవేటుగా ఐదుకు మార్చుకున్నాం. 2024 నవంబరులో మన హైస్కూళ్ళను సాయంత్రం ఐదు దాకా నడిపి చూద్దామని మండలానికో బళ్ళో ప్రయోగం పెట్టినప్పుడు నాకు తట్టింది. నాలుగు నుంచి ఐదు, ఆ ఈడు పిల్లల ఒళ్ళూ మనసూ బాగా తెరుచుకునే వేళ. ఆటస్థలంలో ఉండాల్సిన వేళ. అదీ లాగేసుకుంటే వాళ్ళ రోజులో వాళ్ళకంటూ మిగిలేది రాత్రి పదకొండు. అప్పుడు ఫోను పట్టుకున్నారని కేకలేస్తాం.

మామయ్య: ఆడపిల్లల మాటో? వాళ్ళు పదకొండు దాకా మేలుకోరే.

చెల్లి: మేలుకుంటారు మామయ్యా, అంట్లు తోముతూ. పొద్దున కళ్ళాపి చల్లి, నీళ్ళు పట్టి, తమ్ముడికి టిఫిను పెట్టి వస్తారు. వాళ్ళ నిద్రకు రెండు కొసల్లోనూ కోతే. కాకపోతే వాళ్ళు తలుపు విసిరికొట్టరు కాబట్టి ఎవరూ నన్ను పిలిపించి అడగరు.

ఆ మాటకు మామయ్య నా వైపు చూశాడు. నేను వడ్డనకు లేచాను.

భోజనాలయ్యాయి. గోంగూర పప్పు, వంకాయ కూర, పెరుగు. మావాడు తిని క్రికెట్టుకు పోయాడు. రెండు దాటింది. మామయ్య వాలుకుర్చీలో "డెన్మార్క్ దేశంలో ఏదో..." అని మొదలుపెట్టి, మాట మధ్యలో గడ్డం ఛాతీకి ఆనించాడు. చెల్లి నవ్వుతూ నాకు సైగ చేసింది. పదిహేను నిమిషాలకు ఉలిక్కిపడి లేచాడు.

మామయ్య: పడుకోలేదు, ఆలోచిస్తున్నా.

చెల్లి: అది కూడా గడియారమే. అన్నం తిన్నందుకని అనుకుంటాం. తినకపోయినా మధ్యాహ్నం ఒంటిగంట, మూడు మధ్య ఒళ్ళు ఒకసారి దిగుతుంది. నీకు వాలుకుర్చీ ఉంది. ఆ వేళకు మా పిల్లలకు సోషలు పీరియడు ఉంటుంది. కునికితే బెంచీ ఎక్కిస్తాం.

మామయ్య: డెన్మార్క్ సంగతి నువ్వే చెప్పు. నీ దగ్గర ఉన్నదంతా చెప్పాలి, నీకు పనికొచ్చేది మాత్రమే కాదు.

చెల్లి: సరే, నీ పక్షానికి పనికొచ్చేదే. డెన్మార్క్‌లో పిల్లలు రాసిన 20 లక్షల పరీక్షలు చూశారు, 2016లో వచ్చింది. గంట గడిచేకొద్దీ మార్కులు కొద్దికొద్దిగా జారాయి. లాస్ ఏంజెలెస్‌లోనైతే లెక్కలు పొద్దుటి పీరియడ్లలో ఉన్న పిల్లలకు మంచి గ్రేడ్లొచ్చాయి.

మామయ్య: అట్లా రా దారికి!

చెల్లి: వాళ్ళ పొద్దున అంటే ఎనిమిది, తొమ్మిది. ఐదు కాదు. డెన్మార్క్ లెక్కలో ఇంకో సగం ఉంది. ఇరవై ముప్పై నిమిషాల విరామం ఇచ్చాక రాస్తే జారిన మార్కులు మళ్ళీ పైకొచ్చాయి. అలసిన పిల్లాడికి కావలసింది ఇంకో గంట చదువు కాదు, అరగంట ఆట. పదో తరగతి పరీక్ష తొమ్మిదిన్నరకు మామయ్యా. ఐదింటికి ఏ బోర్డూ ఇంతవరకు పరీక్ష పెట్టలేదు.

మామయ్య చాలాసేపు గడియారం కీ తిప్పుతూ కూర్చున్నాడు. కిర్రు కిర్రుమన్న చప్పుడు తప్ప వసారాలో ఏమీ లేదు.

మామయ్య: ఒకటి చెబుతా విను. మా అరుగు మీదికి ఐదింటికి వచ్చే పిల్లల్లో ఒకడున్నాడు. బాబు చేపల చెరువు కాపలా. వాడి ఇంట్లో చదువుకునే చోటు లేదు, దీపం కింద కూర్చోబెట్టేవాళ్ళు లేరు. ఆ ఒక్క గంట వాడికి నేను తప్ప ఎవరూ లేరు. దాన్ని తీసేయమంటావా?

చెల్లి: తీసేయమనను. జరపమంటాను. పొద్దు పొడిచాక అదే అరుగు మీద, వెలుగులో కూర్చోబెట్టు. పొద్దుటి ఎండ కంట్లో పడితే లోపలి గడియారం ముందుకు జరుగుతుంది, రాత్రి త్వరగా నిద్రొస్తుంది. మీ చిన్నతనంలో గేదెల దగ్గర మీకు దొరికింది అదే. నీ తెల్లవారుజాము పనిచేసిందీ అందుకే. ముందు రాత్రి చీకటి, తర్వాత పొద్దుటి వెలుగు. ఆ రెండూ తీసేసి అలారం ఒక్కటే మిగుల్చుకున్నాం మనం.

అప్పటికి మావాడు వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. చెంబెడు నీళ్ళు గటగటా తాగి, మామయ్య పక్కన నేల మీద కూలబడి, "తాతయ్యా, పొద్దున త్రికోణమితి అడిగావుగా. ఎత్తులూ దూరాల్లో ఒకటి రావట్లా" అన్నాడు. ఇద్దరూ కాయితం మీద చెట్టు గీసి, నీడ గీసి, పావుగంటలో తేల్చేశారు. మధ్యలో వాడు ఏదో అంటే మామయ్య పగలబడి నవ్వాడు. పొద్దున తలుపు విసిరింది ఈ పిల్లాడే. చెల్లి నా వైపు చూసింది గానీ ఏమీ అనలేదు.

"వ్యాను అబ్బాయికి రేపట్నుంచి రావద్దని చెప్పనా?" అన్నాను.

మామయ్య: పరీక్షలకు రెండు నెలలు. ట్యూషను మానొద్దు. స్టడీ అవరు బదులు సాయంత్రం బ్యాచి ఉందేమో అడుగు. ఏడింటికల్లా ఇంట్లో ఉండాలి.

చెల్లి: మరి నీ అరుగు మీద ఐదింటి బడి?

మామయ్య: పంచాంగం చూసి చెబుతా. రేపు పొద్దెప్పుడు పొడుస్తుందో.

రేపల్లె బండికి వేళైంది. మామయ్య గడియారం చేతిలోకి తీసుకుని వెనక మీట తిప్పాడు. అలారం ముల్లు నాలుగు వదిలి నెమ్మదిగా జరిగి తొమ్మిదిన్నర మీద ఆగింది.

మామయ్య: ఇది లేవడానికి కాదురా, పడుకోవడానికి. రాత్రి మోగగానే ఫోను మీ అమ్మ చేతిలో పెట్టాలి.

"తొమ్మిదిన్నరకు నిద్ర రాదు తాతయ్యా."

చెల్లి: వాడు అబద్ధం చెప్పట్లేదు మామయ్యా. పది చెయ్.

ముల్లు ఇంకొంచెం జరిగింది. మావాడు గడియారం అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తాతయ్యా, దీనికి రాత్రీ పగలూ తేడా తెలీదుగా. పొద్దున పదింటికి కూడా మోగుతుంది."

మామయ్య: మోగనీ. బడి రోజుల్లో వినడానికి నువ్వుండవు. ఆదివారం ఉంటావు.

ఈసారి చెల్లి ఎదురు చెప్పలేదు.